ఎవరు బయలుదేరినట్టు?

గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ సంగతినే ఇంగ్లీషులో ఇద్దరు రెండు రకాలుగా రాశారనుకుందాం. ఒకరు 'ఫ్లోయింగ్ త్రూ కోనసీమ, ది వైనతేయ మీట్స్ ది సీ ఎట్ ఓడలరేవు' అన్నారు. ఇంకొకరు 'ఫ్లోయింగ్ త్రూ కోనసీమ, ఓడలరేవు ఈజ్ వేర్ ది వైనతేయ మీట్స్ ది సీ' అన్నారు. మాటలు దాదాపు అవే, తెలిసే విషయమూ అదే. కానీ మొదటి వాక్యంలో ప్రవహించేది నది, రెండో వాక్యంలో ప్రవహించేది ఊరు. రెండోది రాసినవారికి ఊరు ప్రవహించదని తెలియక కాదు. వాక్యం మొదట్లో ఇంగ్‌తో వచ్చే పార్టిసిపుల్ తన కర్తను వెంట తెచ్చుకోదు. కట్టుతాడు విడిచిన పడవ దగ్గర్లో ఉన్న గుంజకు తగులుకున్నట్టు, కామా దాటగానే ప్రధాన వాక్యానికి సబ్జెక్టుగా ఏది నిలబడితే దానికి తగులుకుంటుంది. విలియం స్ట్రంక్ 1918లో తన విద్యార్థుల కోసం అచ్చు వేసుకున్న చిన్న పుస్తకం 'ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్'లో దీన్నొక నియమంగా పెట్టాడు. అంతకు ముందూ తర్వాతా ఇంగ్లీషు వ్యాకరణాలు పదే పదే చెప్పిన నియమమే ఇది. మన దేశంలో తరాల తరబడి చదువుతున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలోనూ దీని మీద హెచ్చరిక ఉంది. గేటు మీద కూర్చున్నది మనిషా, అతన్ని కుట్టిన తేలా అని పాఠకుడు తికమకపడే ఉదాహరణ ఆ పుస్తకం చదివిన చాలామందికి గుర్తుండే ఉంటుంది.

హెచ్చరిక ఇంత పాతదైనా తప్పు మాత్రం తగ్గలేదు. ఉద్యోగ దరఖాస్తుల్లో, ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో, పర్యాటకుల కోసం రాసే వివరాల్లో, సెలవు చీటీల్లో ఇది కనిపిస్తూనే ఉంటుంది. దీనికి మామూలుగా వినిపించే కారణం ఒకటే: మనవాళ్లకు ఇంగ్లీషు సరిగా రాదు. ఈ మాట నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే తోస్తుంది. రానివాడు ఎలా పడితే అలా తప్పు చేస్తాడు. ఇక్కడ అందరూ ఒకే చోట, ఒకే తీరుగా తప్పుతున్నారు. అలా జరుగుతోందంటే దాని వెనక ఇంకో నియమం పనిచేస్తోందని అర్థం. ఆ నియమం తెలుగుది. తెలుగు వాక్యం మనలో బాగా నాటుకుపోయి ఉండటం వల్లనే, కర్త ఎవరో తెలుగు పద్ధతిలో సరిచూసుకుని, సరిపోయిందని నమ్మి, ఇంగ్లీషులో రాసేస్తున్నాం. కాబట్టి ఈ తప్పును దిద్దే పని తెలుగు పాఠంతో మొదలవ్వాలన్నది నా వాదన.

తెలుగుకు ఈ విషయంలో పట్టింపు లేదనుకుంటే అది పొరపాటు. 'రాము వచ్చి భోజనం చేశాడు' అంటాం. 'రాము వచ్చి సీత వెళ్లింది' అని మాత్రం అనం. బడి ముఖం చూడని వాళ్లు కూడా అనరు. అక్కడ 'రాము వచ్చాక సీత వెళ్లింది' అంటారు. 'వచ్చి' అన్నామంటే తర్వాతి పని చేసేది కూడా ఆ మనిషే కావాలి. 'వచ్చాక' అంటే ఎవరైనా కావచ్చు. ఈ తేడాను మూడేళ్ల పిల్లవాడు కూడా ఎవరూ నేర్పకుండానే పాటిస్తాడు. ఈ 'వచ్చి, తిని, చూసి' రూపాలను మన వ్యాకరణాలు క్త్వార్థకం అంటాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదంలోనే దీని ఊసు వస్తుంది, క్త్వార్థమైన ఇకారానికి సంధి లేదని. పేరు సంస్కృతపు క్త్వా ప్రత్యయం నుంచి వచ్చింది. ఆ ప్రత్యయం ఎప్పుడు రావాలో పాణిని అష్టాధ్యాయి మూడో అధ్యాయం నాలుగో పాదంలో 21వ సూత్రం చెబుతుంది: రెండు పనులకూ కర్త ఒకడే అయి, ఒకటి ముందు జరిగినప్పుడు, ముందు జరిగిన పనిని చెప్పే ధాతువుకు. అంటే స్ట్రంక్ తన విద్యార్థులకు చెప్పినదానికి దగ్గరి నియమం మన దేశంలో రెండు వేల ఏళ్లకు పైగా ఉంది.

దగ్గరిదే కానీ అదే కాదు. ఇబ్బంది అంతా ఆ కాస్త ఎడంలోనే ఉంది. పాణిని అడిగింది కర్త ఒకడే కావాలని, అంటే పని చేసేవాడు. ఇంగ్లీషు అడిగేది సబ్జెక్టు ఒకటే కావాలని, అంటే వాక్యంలో ఆ స్థానంలో ఉన్నది. కర్మణి వాక్యంలో ఈ రెండూ విడిపోతాయి. సంస్కృతంలో కర్మణి ప్రయోగం చేస్తే కర్త తృతీయా విభక్తిలోకి పోతాడు, అయినా కర్తృత్వం పోదు. కాబట్టి క్త్వా ప్రత్యయం నిక్షేపంగా నిలుస్తుంది. ఇంగ్లీషులో పాసివ్ చేయగానే సబ్జెక్టు మారిపోతుంది, మొదట్లో ఉన్న పార్టిసిపుల్ కొత్త సబ్జెక్టుకు తగులుకుంటుంది. ఇంజనీరింగ్ లాబ్ రికార్డుల్లో తరచుగా కనిపించే వాక్యాన్ని చూడండి: 'యూజింగ్ ఎ మల్టీమీటర్, ది వోల్టేజ్ వాజ్ మెజర్డ్.' మల్టీమీటరు వాడింది ఎవరు? విద్యార్థి. వోల్టేజి కొలిచింది ఎవరు? అతనే. పాణిని లెక్కలో కర్త ఒక్కడే కనుక వాక్యం ఒప్పు. ఇంగ్లీషు లెక్కలో సబ్జెక్టు వోల్టేజి, కాబట్టి మల్టీమీటరు వాడింది కూడా వోల్టేజే. పైగా రిపోర్టుల్లో 'నేను, మేము' అని రాయకూడదని విద్యార్థికి చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చారు. చేసినవాణ్ని వాక్యంలోంచి తీసేయమన్నదీ ఆ చదువే, తీసేశాక పార్టిసిపుల్ గాలిలో వేలాడుతోందని ఎర్ర సిరాతో గీత గీసేదీ ఆ చదువే. ఈ ఒక్క చోట విద్యార్థి పక్షం వహించాలనిపిస్తుంది.

ఇక తెలుగు సంస్కృతం కన్నా ఇంకో అడుగు ముందుకు వేసింది. 'ఆ వార్త విని అతనికి కన్నీళ్లు వచ్చాయి' అనేది కమ్మని తెలుగు వాక్యం. వచ్చినవి కన్నీళ్లు, విన్నది అతను. వ్యాకరణ రీత్యా 'వచ్చాయి'కి కర్త కన్నీళ్లే, క్రియ బహువచనంలో ఉండటమే సాక్ష్యం. అయినా మన చెవికి అపశ్రుతి లేదు. ఎందుకంటే తెలుగులో అనుభవించేవాడు 'కి, కు' చేర్చుకుని షష్ఠిలో కూర్చున్నా, ఆ వాక్యానికి అసలు మనిషి అతనే. ఆకలి, నిద్ర, కోపం, భయం, జ్వరం, మతిమరుపు, అన్నీ మనకు 'వస్తాయి', 'వేస్తాయి', 'కలుగుతాయి'. వాటిని పడే మనిషి క్రియను ఏలకపోయినా క్త్వార్థకాన్ని ఏలుతాడు. అందుకే 'ఎండలో తిరిగి తిరిగి తలనొప్పి వచ్చింది' అంటే తిరిగింది తలనొప్పి అని ఎవరూ అనుకోరు. ఇప్పుడు దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దింపితే 'హియరింగ్ ది న్యూస్, టియర్స్ కేమ్ టు హిజ్ ఐస్' అవుతుంది. వార్త విన్నవి కన్నీళ్లయ్యాయి. ఇంగ్లీషుకు 'హి' కావాలి, అతనే సబ్జెక్టు స్థానంలో నిలబడాలి: 'హియరింగ్ ది న్యూస్, హి వెప్ట్.' ఆ భాషలో ఏడుపు వచ్చేది కాదు, మనిషే ఏడుస్తాడు. మనిషి ఎక్కడ నిలబడతాడన్న చోటే ఈ రెండు భాషలూ విడిపోతున్నాయి. ఈ మాట ఒక్కసారి తెలిసిన విద్యార్థి పది తప్పొప్పుల పట్టికలు బట్టీ పట్టనక్కర్లేదు.

దారి చెప్పే వాక్యాల్లో ఇది ఇంకా బాగా బయటపడుతుంది. 'అమలాపురంలో బయలుదేరి అల్లవరం దాటితే ఓడలరేవు వస్తుంది' అంటాం. ఈ వాక్యాన్ని కాస్త నిదానంగా విప్పి చూడండి. బయలుదేరేది ఎవరో చెప్పలేదు, దాటేది ఎవరో చెప్పలేదు. దారి అడిగినవాడే అని ఇద్దరికీ తెలుసు. పైగా 'దాటితే' అన్న చేదర్థకం కర్తలు వేరు కావడానికి వీలిస్తుంది, అందుకే ఓడలరేవు నిశ్చింతగా 'వస్తుంది'. 'బయలుదేరి' అన్నది 'దాటితే'కు ముడిపడింది, ఆ రెంటికీ కర్త ఒకడే, నియమం ఎక్కడా చెదరలేదు. తెలుగు వాక్యంగా దీనికి వంక పెట్టే వీలు లేదు. దీన్ని 'స్టార్టింగ్ ఫ్రమ్ అమలాపురం అండ్ క్రాసింగ్ అల్లవరం, ఓడలరేవు కమ్స్' అని రాయగానే అదంతా కుప్పకూలుతుంది. 'బయలుదేరి'కీ 'దాటితే'కీ తెలుగులో రెండు వేర్వేరు రూపాలుంటే, ఇంగ్లీషు రాసేటప్పుడు రెంటికీ ఒకే ఇంగ్ తగిలించేశాం. ఒకటి కర్త ఒక్కడే కావాలనేది, రెండోది అక్కర్లేదనేది. ఆ భేదం అనువాదంలో చెరిగిపోయింది. దాంతో అమలాపురంలో బయలుదేరి అల్లవరం దాటి వస్తున్నది ఓడలరేవే అయింది. దిద్దాలంటే 'ఇఫ్ యు స్టార్ట్ ఫ్రమ్ అమలాపురం అండ్ క్రాస్ అల్లవరం, యు విల్ రీచ్ ఓడలరేవు' అనాలి. ఊరు కదలదు, మనిషి కదులుతాడు, ఆ మనిషికి 'యు' అని పేరు పెట్టక తప్పదు.

'సెలవు కావడంతో కాలేజీ మూసి ఉంది' అనడానికి 'బీయింగ్ ఎ హాలిడే, ది కాలేజ్ వాజ్ క్లోజ్డ్' అని రాయడం కూడా ఈ కోవలోదే. ముందు 'ఇట్' చేరిస్తే ఆ ముక్కకు తన సొంత కర్త దొరికి వాక్యం నిలబడుతుంది. 1996 నవంబరు తుఫాను గురించి కోనసీమలో 'గాలి వీచి కొబ్బరి చెట్లు కూలిపోయాయి' అంటే, కారణాన్ని చెప్పే చోట తెలుగు కూడా రెండు కర్తలను ఒప్పుకుంటుంది, కానీ గాలి అన్న మాటను విడిచిపెట్టదు. ఇంగ్లీషులోనూ గాలిని చెప్పి పార్టిసిపుల్ రాస్తే చెల్లుతుంది.

ఇంత పట్టింపు దేనికి, అర్థమైతే చాలదా అని అడిగేవాళ్లున్నారు. అడగదగిన ప్రశ్నే. ఊరు ప్రవహించదని, వోల్టేజికి చేతులుండవని ఏ పాఠకుడికైనా తెలుసు. ఇంగ్లీషు వాళ్లు కూడా ఈ నియమాన్ని అన్ని వేళలా పాటించలేదు. షేక్‌స్పియర్ 'హామ్లెట్' మొదటి అంకంలో, తాను తోటలో నిద్రిస్తుండగా పాము కాటేసిందని లోకం నమ్ముతున్నట్టు రాజు ప్రేతం చెబుతుంది. ఆ వాక్యాన్ని కట్టిన తీరు చూస్తే నిద్రపోయింది పామే అవుతుంది. నాలుగు వందల ఏళ్లుగా ప్రేక్షకులకు అందువల్ల నష్టమేమీ జరగలేదు. 2002లో రాడ్నీ హడిల్‌స్టన్‌తో కలిసి కేంబ్రిడ్జి ఇంగ్లీషు వ్యాకరణం రాసిన జెఫ్రీ పుల్లమ్ అయితే దీన్ని వ్యాకరణ దోషంగా కన్నా పాఠకుడి పట్ల మర్యాద లోపంగా చూడాలంటాడు. నేను ఆ మాటతో ఏకీభవిస్తాను, కానీ దాని వల్ల పట్టింపు తగ్గుతుందని మాత్రం అనుకోను. వేదిక మీద ప్రేతం మాట్లాడుతున్నప్పుడు గొంతు ఉంది, నటుడున్నాడు, కథ ఉంది. కాగితం మీది వాక్యానికి అవేవీ లేవు. చదివేవాడు మొదట ఒక అర్థం పట్టుకుని, అది పొసగక వెనక్కి వచ్చి, ఇంకో అర్థం వెతుక్కోవాలి. ఒక్క వాక్యానికైతే క్షణం పని. యాభై పేజీల రిపోర్టు దిద్దే అధ్యాపకుడికి, వందల దరఖాస్తులు చూసే అధికారికి ఆ క్షణాలన్నీ కలిసి రాసినవాడి మీద అభిప్రాయంగా మారతాయి. రాసినవాడి విషయ పరిజ్ఞానానికి దానితో సంబంధం లేదు, అయినా దెబ్బ తగిలేది దానికే.

ఎప్పుడూ సరదా తికమకే మిగులుతుందన్న నమ్మకమూ లేదు. ఓడలరేవులో ఇంజనీరింగ్ కళాశాల ఉంది, సముద్రం అడుగు నుంచి వచ్చే గ్యాసును అందుకునే ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది. ఈ కోనసీమలోనే 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. ఆ ప్రమాదాలకు కారణం వ్యాకరణం కాదు, ఆ మాట అనను. కానీ ఇలాంటి సీమలో 'స్మెలింగ్ గ్యాస్, ది వాల్వ్ షుడ్ బి క్లోజ్డ్ ఇమ్మీడియట్లీ' అని ఒక సూచన రాశారనుకోండి. వాసన పసిగట్టేది ఎవరు, వాల్వు మూసేది ఎవరు? పొలం గట్టు మీద వెళ్తున్న రైతా, కాపలా సిబ్బందా? రైతు వాల్వు జోలికి పోకూడదు, దూరంగా వెళ్లి కబురు చేయాలి. తెలుగులో 'వాసన రాగానే వాల్వు మూసేయాలి' అన్నా ఆ అస్పష్టతే ఉంది, దాన్నే ఇంగ్లీషులోకి మోసుకెళ్లాం. ఇక్కడ ఇంగ్లీషు నియమాన్ని పాటించబోతే 'ఎవరు' అన్న ప్రశ్న తప్పించుకోలేం. కామా తర్వాత ఎవరినో ఒకరిని నిలబెట్టాల్సిందే. ఆ నియమానికి నేనిచ్చే విలువ ముఖ్యంగా ఇందుకే. అది రాసేవాడి చేత బాధ్యుణ్ని పేరు పెట్టి పిలిపిస్తుంది.

మరో అభ్యంతరం ఉంది. కొన్ని పార్టిసిపుల్స్ కర్త లేకుండానే చలామణీ అవుతున్నాయి కదా? 'కన్సిడరింగ్', 'రిగార్డింగ్', 'జెనరల్లీ స్పీకింగ్' ఎవరినీ వెతుక్కోవు. నిజమే. 1926లో ఫౌలర్ తన ప్రయోగ నిఘంటువులో ఇలాంటివాటిని విడిగా పేర్కొన్నాడు, అవి క్రియ లక్షణం వదిలేసి విభక్తి ప్రత్యయాల్లాగా స్థిరపడుతున్నాయని. తెలుగులోనూ ఇది జరిగింది. 'గురించి', 'బట్టి' ఒకప్పుడు క్త్వార్థకాలే, ఇప్పుడు వాటికి కర్త ఎవరని ఎవరూ అడగరు. లాబ్ రికార్డులో 'యూజింగ్' కూడా ఆ బాటలోనే ఉందని, దాదాపు 'తో' అన్న ప్రత్యయంగా మారిందని నాకనిపిస్తుంది. అందుకే ఆ వాక్యానికి మార్కులు కోయడం కన్నా, అక్కడ 'విత్' అని రాసుకోవచ్చని చెప్పడం మేలు. భాష మారుతోంది కాబట్టి అన్నీ ఒప్పే అనడమూ సరికాదు, పుస్తకంలో ఉంది కాబట్టి అన్నీ తప్పే అనడమూ సరికాదు. ఏ మాట ప్రత్యయంగా గట్టిపడింది, ఏది ఇంకా క్రియగా బతికే ఉంది అన్నది చూడాలి. 'హియరింగ్', 'స్టార్టింగ్', 'స్మెలింగ్' ఇంకా క్రియలే. వాటికి మనిషి కావాలి.

మన ఇంగ్లీషు మనది, లండన్ నియమాలు మనకెందుకు అనేవారి మాటలో బలం లేకపోలేదు. 'ప్రీపోన్' అన్న మాట మనం వాడుకలో పెడితే దానివల్ల ఎవరికీ నష్టం లేదు, లాభమే. కానీ మాట చేర్చుకోవడం వేరు, వాక్యం కీళ్లు మార్చడం వేరు. విభక్తి ప్రత్యయాలు, క్రియాంతాలు ఉన్న తెలుగులో పదం ఎక్కడున్నా దాని పని ఏమిటో తెలుస్తుంది. 'వెళ్లాను' అంటే నేను, 'వెళ్లావు' అంటే నువ్వు. అంత సమాచారం క్రియలో ఉంది కాబట్టే కర్తను వదిలేసే స్వేచ్ఛ మనకు దొరికింది. ఇంగ్లీషు క్రియకు ఆ ఆస్తి లేదు. దానికున్నదల్లా స్థానమే. ఆ ఒక్క ఆధారాన్ని కూడా తీసేస్తే, ఆ ఇంగ్లీషును తమిళుడూ బెంగాలీ కూడా అర్థం చేసుకోవడానికి తెలుగు తెలిసి ఉండాలి. మనం ఇంగ్లీషు నేర్చుకునేది ముఖ్యంగా తెలుగు రానివారితో మాట్లాడటానికే కదా.

దీనికి కొత్త పుస్తకాలేవీ అక్కర్లేదు. మన బడి తెలుగు వాచకాల్లో సంక్లిష్ట వాక్యం పాఠం ఉంది. ఒక సమాపక క్రియ, దాని ముందు అసమాపక క్రియలు. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అని పేర్లు. పిల్లలు వాటిని పరీక్షకు రాసి మరిచిపోతారు. ఆ పక్క పీరియడ్‌లో ఇంగ్లీషు మాస్టారు పార్టిసిపుల్ చెబుతారు. ఈ రెండు పాఠాలూ ఒకే విషయం మీదని ఎవరూ చెప్పరు. చేకూరి రామారావు 1975లో 'తెలుగు వాక్యం' రాసి మన వాక్య నిర్మాణాన్ని ఆధునిక దృష్టితో చూడటం నేర్పారు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో ఇంగ్లీషులోనే ఆధునిక తెలుగు వ్యాకరణం రాశారు. ఇంత పని జరిగి ఉన్నా అది బడి గోడ దాటి లోపలికి రాలేదు. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట వినపడకూడదన్న పట్టుదల ఇందుకు చాలావరకు కారణం. ఆ పట్టుదల వల్ల విద్యార్థి తెలుగు ఆగిపోదు, తెర వెనక పనిచేస్తూనే ఉంటుంది, మాస్టారికి కనిపించదంతే.

ఇన్ని చిక్కులున్నప్పుడు వాక్యాన్ని పార్టిసిపుల్‌తో మొదలుపెట్టడమే మానేస్తే పోలేదా అనే సలహా కూడా వింటుంటాం. జాగ్రత్త కోసం బాగానే ఉంటుంది, కానీ దానివల్ల పిల్లల ఇంగ్లీషు పొట్టి వాక్యాల వరసగా మిగిలిపోతుంది. ఒక పనిని వెనక్కి నెట్టి ఇంకో పనిని ముందుకు తేవడం, కారణాన్ని ముందు పరిచి ఫలితాన్ని దాని మీద నిలపడం తెలుగు వాక్యానికి పుట్టుకతో వచ్చిన విద్య. వచ్చి, చూసి, విని, తెలుసుకుని అంటూ నాలుగు పనుల్ని ఒక క్రియతో ముగించగల పిల్లవాడికి ఆ నడక ఇంగ్లీషులో కూడా కావాలి. అతను చేయవలసింది కామా దగ్గర ఒక్కసారి ఆగి, ఆ పనులన్నీ చేసినవాణ్ని 'కి, కు'ల నుంచి విడిపించి సబ్జెక్టు స్థానంలోకి తేవడమే. 'ఫలితాలు చూసి నాకు సంతోషం కలిగింది' అన్న వాక్యాన్ని 'సీయింగ్ ది రిజల్ట్స్, ఐ వాజ్ డిలైటెడ్' అని మార్చగలిగినవాడు, 'హ్యాపీనెస్ కేమ్ టు మి' అని ఎందుకు రాయలేదో తన తెలుగు ఆధారంగానే చెప్పగలడు. ఆ వివరణ తొమ్మిదో తరగతి తెలుగు పీరియడ్‌లో పదిహేను నిమిషాల్లో అయిపోయేదే.